ఆళ్ళగడ్డలో ఆరు మార్కులు

మా రెండు లారీలు ఆళ్ళగడ్డ చేరేసరికి సాయంత్రం నాలుగూ ఇరవై. నంద్యాలలో బయల్దేరింది పొద్దున పదకొండుకు. మధ్య దూరం నలభై చిల్లర కిలోమీటర్లు. మామూలు రోజుల్లో బస్సు గంటంబావులో తెచ్చి దించేస్తుంది. నల్లమల మీద మూడు రోజులుగా వాన విడవలేదు. కొండ నీళ్ళన్నీ పడమరకు దిగి కుందూ నదిలో కలవాలి. ఆ దారికి అడ్డంగా మన రోడ్డుంది. ఆఖరి వంతెన మీద మోకాలి లోతు నీళ్ళలో లారీలు దాటించాం. మా వెనక ఇంకెవరూ దాటలేదు.

ఇది తొంభైల చివర, ఒక అక్టోబరు నెల. సైనికుడంటే మన జనానికి మంచు కొండలూ తుపాకులూ గుర్తొస్తాయి. అవీ చూశాను. కానీ నీ సర్వీసులో మరిచిపోలేని డ్యూటీ ఏదని ఎవరైనా అడిగితే, ఆళ్ళగడ్డలో తొమ్మిది రోజుల వరద డ్యూటీ అంటాను. అడిగినవాళ్ళ ముఖం చిన్నబోతుంది. నేనేం చెయ్యను?

మొత్తం పదకొండు మందిమి. ఒక రబ్బరు పడవ, దానికో మోటారు, రెండు వందల మీటర్ల తాడు, పన్నెండు లైఫ్ జాకెట్లు, ఒక వైర్‌లెస్ సెట్టు, బియ్యం, పప్పు, కిరసనాయిలు, ఒక మందుల పెట్టె. ఆ పెట్టె నాది. నేను సైన్యంలో నర్సింగ్ అసిస్టెంటును. డాక్టర్ని కాను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మా ఊళ్ళో ఇప్పటికీ నన్ను మిలిటరీ డాక్టరనే పిలుస్తారు. మొదట్లో కాదని చెప్పేవాణ్ణి. ఈ మధ్య ఓపిక లేక పలికేస్తున్నాను.

మాది పగిడ్యాల, ఇదే జిల్లా. అందుకే మా జట్టుకు పెద్ద, సుబేదారు సాబ్, నన్ను ఇందులో వేసుకున్నాడు. ఆయన గఢ్వాల్ మనిషి, తెలుగు ముక్క రాదు. జిల్లా నీదే కాబట్టి జనంతో మాటలన్నీ నువ్వే చూసుకో అన్నాడు. పద్దెనిమిదో ఏట ఊరు వదిలినవాణ్ణి, సొంత జిల్లాకు యూనిఫారంతో డ్యూటీ మీద వచ్చాను. లోపల కొంచెం గర్వంగానే ఉంది. ఆ గర్వం మూడో రోజు పొద్దున ఎనిమిది దాకా నిలబడింది.

మా మకాం ఒక ప్రభుత్వ బడి. బెంచీలు గోడకు జరిపి నేల మీద పడుకున్నాం. నల్లబల్ల మీద ఎవరో సగం చేసి వదిలేసిన భాగహారం ఉంది. వైర్‌లెస్ ఆపరేటరు, సేలం పక్కవాడు, దాన్ని పూర్తి చేశాకగానీ నిద్రపోలేదు.

రెండో రోజు పొద్దున లేచేసరికి మేం దాటి వచ్చిన వంతెన కనపడలేదు. కడప వైపు రోడ్డు కూడా తెగింది. ఊళ్ళో ఉన్న డాక్టరు గారు మా జట్టులో నలుగురితో కలిసి కొండ కింద పల్లెలకు పోయాడు, అక్కడ వాంతులూ విరేచనాలూ మొదలయ్యాయని కబురొస్తే. ఇక ఆళ్ళగడ్డలో మందుల పెట్టె ఉన్న మనిషిని నేనొక్కణ్ణే. అదే రోజు మధ్యాహ్నం అవతలి గట్టుకు బియ్యం చేరవేసి వస్తున్న పడవను కొట్టుకొచ్చిన చెట్టు మొద్దు తగిలింది. ఒక జవాను మణికట్టు విరిగింది. కట్టు నేనే కట్టాను. సుబేదారు సాబ్ అందర్నీ వరసలో నిలబెట్టి ఆర్డరు వేశాడు. ప్రాణం మీదికి వస్తే తప్ప పడవ నీళ్ళలోకి దిగదు. ప్రాణం మీదికి వచ్చిందని చెప్పాల్సింది నంద్యాలలో ఉన్న డాక్టరు మేజరు. ఇంకెవరూ కాదు.

పడవ నడిపే హవల్దారు తన వంతుగా ఇంకో షరతు పెట్టాడు. రేవు దగ్గర ఒక మైలురాయి ఉంది. దాని నెత్తి మునిగితే తాను మోటారు తియ్యనన్నాడు. ఇరవై ఏళ్ళు నదుల మీద పని చేసిన మనిషి. ఎవరూ ఎదురు చెప్పలేదు.

మూడో రోజు పొద్దున ఆరూ యాభైకి కాళమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి. నెత్తిన గోనెసంచి, రెండు చేతులూ కొంగులో చుట్టుకుని, బడి అరుగు కింద వానలోనే నిలబడింది. కొడుక్కి కడుపునొప్పి అని చెప్పింది. నిన్న సాయంత్రం మొదలైంది, తెల్లారినా తగ్గలేదు. కొడుకు పేరు సుబ్బాచారి, ఇరవై ఏడేళ్ళు, రాతి విగ్రహాలు చెక్కుతాడు. భర్త లేడు, వేరే బిడ్డలు లేరు. పెట్టె తీసుకుని ఆమె వెంట నడిచాను. వైర్‌లెస్ ఆపరేటరు సెట్టు వీపుకెత్తుకుని నా వెనక వచ్చాడు.

వాళ్ళిల్లు బడికి రెండు వందల గజాలు. ముందు రేకుల కొట్టం. కొట్టంలో పట్ట కప్పిన విగ్రహాలు, పక్కన ఉలులకు పదును పెట్టుకునే చిన్న కొలిమి. లోపలి గదిలో చీకటి. సుబ్బాచారి మోకాళ్ళు మడుచుకుని ఒక పక్కకు పడుకుని ఉన్నాడు. కడుపు చుట్టూ గుడ్డ కట్టి ఉంది, దాని కింద వెచ్చచేసిన ఆముదపాకులు. మనిషి కదలడం లేదు. కడుపు నొప్పితో పొర్లే మనిషిని చూస్తే నాకంత భయం వెయ్యదు. కదలకుండా పడుకున్నవాణ్ణి చూస్తే వేస్తుంది.

ఇక్కడ మార్కుల సంగతి చెప్పాలి. పేగుకు అంటుకుని వేలంత తోక ఒకటి ఉంటుంది, అపెండిక్సు. అది వాస్తే కోసి తియ్యాలి. ఆలస్యమైతే లోపలే పగిలి మనిషి పోవచ్చు. తొందరపడి కోస్తే, లోపల ఏ జబ్బూ లేకుండా కడుపు కోసినట్టవుతుంది. పెద్ద యంత్రాలు లేనిచోట ఎలా తేల్చాలి? దానికి డాక్టర్లు ఒక లెక్క కట్టారు. ఎనిమిది ప్రశ్నలు, పది మార్కులు. నొప్పి ఒకచోట మొదలై కుడి కిందికి దిగిందా, ఒకటి. ఆకలి చచ్చిందా, ఒకటి. వాంతి, ఒకటి. కుడి కింద నొక్కితే నొప్పి, రెండు. నొక్కి ఠక్కున వదిలితే నొప్పి, ఒకటి. జ్వరం, ఒకటి. మిగతా రెండు ప్రశ్నలూ, మూడు మార్కులూ రక్తపరీక్షవి. ఏడూ ఆ పైన వస్తే కత్తి పట్టుకోవచ్చు. ఐదూ ఆరూ అయితే కనిపెట్టుకుని ఉండి మళ్ళీ లెక్కెయ్యాలి. మా మేజరు ఈ ఎనిమిదీ ఒక అట్ట మీద రాయించి మా అందరి జేబుల్లో పెట్టించాడు. నిద్రలో లేపి అడిగినా చెప్పాలి.

ఆళ్ళగడ్డలో రక్తపరీక్ష లేదు. అంటే నా చేతిలో ఉన్నవి ఏడు మార్కులే.

ఎక్కడ నొప్పి అని అడిగాను. సుబ్బాచారి ఒక్క వేలుతో కుడి కింద చూపించి ఈడనే అన్నాడు. నొప్పి జరగలేదు, సున్నా. తిన్నావా అంటే తల అడ్డంగా ఊపాడు, ఒకటి. వాంతి రెండుసార్లయింది, ఒకటి. జ్వరం వందా పాయింట్ రెండు, ఒకటి. కుడి కింద చెయ్యి పెట్టీ పెట్టగానే మనిషి ఎగిరిపడ్డాడు, రెండు. వదిలితే మళ్ళీ ఎగిరిపడ్డాడు, ఒకటి. మొత్తం ఆరు. ఆపరేటరు నంద్యాల కలిపాడు. ఏడూ ఇరవై ఐదు.

"మార్కులు చెప్పు. ఓవర్," అన్నాడు మేజరు.

"ఆరు సార్. రక్తం లేకుండా ఆరు. ఓవర్."

ఏడింటికి ఆరు. రక్తం మార్కులు కలిస్తే ఏడుకు చేరడం ఖాయమన్నట్టే. మేజరు పడవ దించమని సుబేదారుకు చెప్పమన్నాడు. అవతలి గట్టు మీద జీపు పెట్టిస్తాననీ, నంద్యాలలో సర్జన్‌ను సిద్ధంగా ఉంచుతాననీ అన్నాడు.

సుబ్బాచారిని స్ట్రెచర్ మీదికి మార్చేటప్పుడు గుడ్డ ముడి జారింది. ఆకులు కింద పడ్డాయి. కడుపు మీద రెండు వాతలు. బొటనవేలి గోరంత పొడవు, సన్నగా, నిటారుగా. ఒకటి బొడ్డు పక్కన, ఒకటి కుడి కింద, నేను చెయ్యి పెట్టిన చోటే. కొలిమిలో ఉలి కాల్చి పెట్టిన వాతలు.

నేను గుడ్డ విప్పకుండా నొక్కాను. అది నా తప్పు. చలిగా ఉంది, చీకటిగా ఉంది, పట్టు వేశారనుకున్నాను, ఇవన్నీ సాకులు. కడుపు చూడకుండా కడుపు నొక్కిన నర్సింగ్ అసిస్టెంటును మేజరు చూసి ఉంటే చెంప పగలగొట్టేవాడు. అసలు నేను పుట్టిందే ఈ నేల మీద. నా ఏడో ఏట మా అవ్వ నాకూ ఒక వాత పెట్టింది. దాని మచ్చ ఇప్పటికీ ఉంది. స్నానం చేసిన ప్రతిసారీ చూసుకుంటాను. అయినా ఆ పొద్దున నాకు తట్టలేదు.

నా తప్పు మీది కోపమంతా కాళమ్మ మీదికి పోయింది. ఇంకేం చేశారో చెప్పమని అరిచాను. ఆమె గోడకు ఆనుకుని నిలబడి ఒక్కొక్కటే చెప్పింది. రాత్రి ఆముదం తాపిందట. ఆ తర్వాతే వాంతులు. నొప్పి ఉండగా తినకూడదని తానే పస్తు పెట్టిందట. జేబులోంచి అట్ట తీసి ఒక్కో గీతా కొట్టేశాను. వాంతి ఆముదానిది కావచ్చు. తినకపోవడం అమ్మ మాట కావచ్చు. నొక్కితే ఎగిరిపడింది కాలిన తోలు వల్ల కావచ్చు. ఇంట్లో చేసిన వైద్యం నా అట్ట మీద ఒక్క జ్వరాన్నే మిగిల్చింది. ఆరు మార్కులు ఒక్కటైపోయాయి.

బయట మోటారు స్టార్టయిన చప్పుడు వినపడుతోంది. హవల్దారు, అతని ఇద్దరు జవాన్లు, నేను, రోగి. ఐదుగురం ఆ నీళ్ళ మీద పోవాలి. ఇది ఆముదం నొప్పే అయితే ఐదు ప్రాణాలు ఊరికే పణంగా పెట్టినట్టు. నిజంగా అపెండిక్సే అయి నేను ఆపేస్తే, ఒక తల్లికి ఉన్న ఒక్క కొడుకు ఈ గదిలోనే పోతాడు. నోరు మూసుకుని ఆరు మార్కుల మీదే బండి నడిపించేద్దామా అని కూడా అనిపించింది. అబద్ధం ఎందుకు, అనిపించింది. ఆపరేటరు నా ముఖం చూసి హ్యాండ్‌సెట్ నా చేతికిచ్చాడు.

"సార్, నేను చెప్పిన ఆరు తప్పు. కడుపు మీద వాతలున్నాయి. గుడ్డ విప్పకుండా చూశాను. ఆముదం తాపారు, పస్తు పెట్టారు. ఖాయంగా చెప్పగలిగింది ఒక్కటే, జ్వరం. ఓవర్."

తిడతాడని కాచుకున్నాను.

"వాతలెన్ని? ఓవర్."

"రెండు సార్. బొడ్డు దగ్గర ఒకటి, కుడి కింద ఒకటి. ఓవర్."

"రెండూ ఒకేసారి పెట్టారా? అడిగి చెప్పు. ఓవర్."

నాకు అప్పటికీ అర్థం కాలేదు. కాళమ్మ వైపు తిరిగాను. ఈసారి అరవలేదు. "అమ్మా, ఈ రెండూ ఒగేసారి పెట్నావా?" అన్నాను.

"లేదప్పా. మొదుట బొడ్డుకాడ నొప్పి అన్న్యాడు, ఆడ పెట్నా. దీపాలు పెట్టే యాళకు. కోడి కూసే యాళకు నొప్పి ఈడికి దిగిందమ్మా అన్న్యాడు. మళ్ళ ఈడ పెట్నా."

నొప్పి ఎక్కడని అడిగాను గానీ ఎక్కడ మొదలైందని అడగలేదు. సున్నా వేసిన మార్కు అక్కడే, అతని కడుపు మీదే ఉంది. నొప్పి ఏ వేళకు ఎక్కడుందో కాళమ్మ ఉలితో రాసి పెట్టింది. సాయంత్రం ఆరున్నరకు బొడ్డు దగ్గర. తెల్లవారుజామున నాలుగున్నరకు కుడి కింద. పది గంటల్లో అది దిగింది. మేజరుకు అదే చెప్పాను.

"ఆ తల్లి నీకంటే మంచి చార్టు రాసింది," అన్నాడు. "ఇప్పుడు మొదట్నించీ చూడు. రెండు వాతలూ ఒకే ఉలివి, ఒకే లోతువి. బొడ్డు వాత పక్కన, కాలని తోలు మీద నొక్కు. తర్వాత కుడి వాత పక్కన అంతే దూరంలో నొక్కు. ఎడమ వైపు కూడా నొక్కు. తొందరేం లేదు. ఓవర్."

తొందరేం లేదట. అప్పుడే హవల్దారు మనిషి పరుగెత్తుకొచ్చి, మైలురాయి ఇంక జానెడే మిగిలిందని సుబేదారు సాబ్‌కు చెప్పిపోయాడు. సుబేదారు సాబ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. గడియారం చూసుకుని ఎనిమిదీ ఐదు అని మాత్రం అన్నాడు.

రెండు చేతులూ ఒకదానికొకటి రుద్ది వెచ్చచేసుకున్నాను. బొడ్డు వాతకు రెండు వేళ్ళ ఎడంగా నొక్కాను, మెల్లగా, లోతుగా. సుబ్బాచారి నన్ను చూస్తూ ఊరికే పడుకున్నాడు. ఏమీ లేదన్నాడు. కుడి వాతకు రెండు వేళ్ళ ఎడంగా, అంతే లోతుగా నొక్కాను. నా మణికట్టు పట్టేసుకున్నాడు. రాళ్ళు చెక్కే చెయ్యి అది, వేళ్ళు ఇనుములా ఉన్నాయి. రెండు మార్కులు. మెల్లగా వదలమన్నాను. ఎడమ వైపు నొక్కాను. అక్కడ కాలిందేమీ లేదు.

"ఈడ నొక్కితే ఆడ పట్టుకుంటాంది సార్," అన్నాడు కుడి వైపు చూపిస్తూ. దగ్గమంటే దగ్గబోయి మధ్యలో ఆపేసి పళ్ళు కొరికాడు. దగ్గితే పట్టే నొప్పి కూడా వదిలినప్పటి నొప్పి కిందికే వస్తుంది, ఒక మార్కు.

ఇక ఆకలి. పస్తు పెట్టిన మనిషికి ఆకలి లేదని ఎలా తేలుతుంది? కాళమ్మను అడిగాను, నీ కొడుక్కి బాగా ఇష్టమైంది ఏందని. ఉగ్గాని అంటే పానం ఇడుస్తాడంది. అదృష్టం, పక్కింట్లో పొద్దున అదే చేశారు. బొరుగులు నానబెట్టి తాలింపేసిన ఉగ్గాని ఒక పళ్ళెం తెచ్చారు. పొగలు కక్కుతూ, పైన మిరపకాయ బజ్జీతో. తినమని కాదు, ఊరికే ముఖం దగ్గర పెట్టించాను. నాకూ ఆపరేటరుకూ నోరూరింది. మేం అప్పటికి రెండు రోజులుగా కిచిడీ తింటున్నాం. సుబ్బాచారి ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. కాళమ్మ అంతదాకా ఏడవలేదు. కొడుకు ఉగ్గాని వద్దనడం చూసి ఏడ్చింది.

ఆకలికి ఒకటి. వాంతికి ఏమీ వెయ్యలేదు, ఆముదం సంగతి తేలదు గనక. నొప్పి దిగినందుకు ఒకటి, నొక్కితే రెండు, వదిలితే ఒకటి, జ్వరం ఒకటి, ఆకలి ఒకటి. మళ్ళీ ఆరే. మొదటి ఆరు నేను గుడ్డ మీద నొక్కి సంపాదించింది. ఈ ఆరు కోసం నా ప్రాణం కూడా పడవలో పెట్టగలను. మేజరుకు ఆ మాటే చెప్పాను.

"తీసుకురా. రక్తం ఇక్కడ చూస్తాం. ఓవర్ అండ్ అవుట్."

ఎనిమిదీ ముప్పై ఐదుకు రేవులో ఉన్నాం. మైలురాయి మీద నాలుగు వేళ్ళ మేర రాయి కనిపిస్తోంది. హవల్దారు దాన్ని చూశాడు, నన్ను చూశాడు. "ఈసారి లెక్క సరిగ్గా వచ్చిందా?" అన్నాడు. వచ్చిందన్నాను. అంతే, ఎక్కమన్నాడు. కాళమ్మ తానూ వస్తానంది. పడవలో చోటు లేదు, బరువు ఒప్పదు. హవల్దారు చేత్తోనే వద్దన్నాడు. ఆమె బతిమాలలేదు. కొడుకు తల మీద గోనెసంచి సర్ది వెనక్కి జరిగింది. నీళ్ళు ఆమె పిక్కల దాకా ఉన్నాయి.

దాటడానికి పట్టింది ఇరవై మూడు నిమిషాలు. నీళ్ళు బురద రంగు, మధ్యలో పరుగు ఎక్కువ. గడ్డివాము ఒకటి మా పక్కనుంచే నిటారుగా పోయింది, దాని మీద కోడి. నడిమికి వచ్చాక తుమ్మకంప ఏదో చిక్కి మోటారు ఆగిపోయింది. ఇద్దరు జవాన్లు తెడ్లు వేశారు. హవల్దారు నడుము దాకా బయటికి వంగి కత్తితో కంప కోశాడు. నేను సుబ్బాచారి మీద అడ్డంగా పడి పట్టుకున్నాను. పడవ గిరికీ కొట్టినప్పుడల్లా అతను ఒకే మాట అడిగాడు, మా యమ్మ గట్టెక్కిందా అని. మూడోసారి మోటారు అందుకుంది. మేం చేరాల్సిన చోటికి రెండు వందల మీటర్ల దిగువన ఒడ్డు తగిలాం. తొమ్మిదింబావుకు జీపులో ఉన్నాం. తొమ్మిదిన్నరకు మైలురాయి మునిగిందని వైర్‌లెస్‌లో తెలిసింది. ఆ తర్వాత రెండు రోజులు పడవ దిగలేదు.

నంద్యాలలో రక్తం చూశారు. ఆ మార్కులూ కలిశాయి. పన్నెండుకు ముందే బల్ల మీదికి తీసుకున్నారు. నేను వరండాలో తడి బట్టలతో కూర్చున్నాను. ఒంటిగంటకు కాస్త ముందు సర్జను గారు బయటికొచ్చి, చిన్న గిన్నెలో దాన్ని నాకు చూపించాడు. వేలంత లావు, ఎర్రగా, కొన నల్లబడి. పగల్లేదని, ఈ సాయంత్రం దాకా ఆగి ఉంటే మాత్రం చెప్పలేమని అన్నాడు. నేను లేచి నిలబడి సెల్యూట్ కొట్టాను. ఆయన యూనిఫారం మనిషి కాదు, ఏం చెయ్యాలో తెలియక నమస్కారం పెట్టాడు.

కాళమ్మకు కబురు చెప్పాలి. ఆళ్ళగడ్డలో మా వాళ్ళెవరికీ తెలుగు రాదు. ఆపరేటరుకు వైర్‌లెస్‌లోనే ఒక్క వాక్యం నేర్పించాను. నీ కొడుకు బాగుండాడు. నాలుగుసార్లు చెప్పించుకున్నాడు. ఆ మాట పట్టుకుని వానలో పోయి ఆమెకు చెప్పాడు. తర్వాత అదే మాట దారిలో కనపడ్డ ప్రతి మనిషికీ చెప్పాడట. పాలమ్మే ముసలాయనకు కూడా. ఆయనకు కొడుకులే లేరు.

నేను సర్వీసు ముగించి రెండువేల దశకంలో నంద్యాల చేరాను. ఒక చిన్న నర్సింగ్‌హోములో పదేళ్ళు పని చేశాను. స్కానింగులు వచ్చాయి, మంచిదే. అయినా కడుపునొప్పి అని పల్లెల నుంచి ఎవరొచ్చినా ముందు గుడ్డ విప్పించి చూసేవాణ్ణి. వాత కనిపిస్తే తిట్టడం మానేశాను. యాడ పెట్నారు, ఏ యాళకు పెట్నారు అని అడిగి రాసుకునేవాణ్ణి. రాసుకున్నాకే, ఇంకోసారి ఇట్ల కాల్చొద్దండి, బేగ ఆస్పత్రికి రాండి అని చెప్పేవాణ్ణి. తిడితే దాచిపెడతారు. దాచిపెడితే మన లెక్క తప్పుతుంది. కొత్తగా వచ్చిన నర్సులకు కూడా ఇదే నేర్పాను. కొందరు నవ్వారు. తర్వాత వాళ్ళూ అడగడం మొదలుపెట్టారు.

ఆ వరదలో మాత్రం, నీళ్ళు తీశాక, డ్యూటీ ఆరో రోజున నేను తిరిగి ఆళ్ళగడ్డ పోయాను. తొమ్మిదో రోజు పొద్దున ఏడూ నలభైకి మాకు వెనక్కి రమ్మని ఆర్డరొచ్చింది. పడవ గాలి తీసి మడిచాం. బెంచీలు మళ్ళీ వరసలో పెట్టాం. అన్ని రోజుల తర్వాత ఎండ వచ్చింది. రోడ్డంతా బురద పైపైన ఎండుతోంది. నేను వెనక లారీలో, చివర కూర్చున్నాను.

కాళమ్మ లారీ దగ్గరికి వచ్చింది. ఇప్పుడు గోనెసంచి లేదు, చేతులు కొంగులో చుట్టుకుని లేవు. కొడుకు నంద్యాలలో లేచి నడుస్తున్నాడని, ఉగ్గాని అడుగుతున్నాడని వైర్‌లెస్‌లో తెలిసిన కబురు చెప్పాను. ముఖమంతా నవ్వింది. కళ్ళకు ఎండ పడుతుంటే ఎడమ చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ముంజేతి మీద రెండు వాతలున్నాయి. బొటనవేలి గోరంత పొడవు, సన్నగా, నిటారుగా. పక్కపక్కనే.

"అవేందమ్మా?" అన్నాను.

ఆమె చెయ్యి దించి ఒకసారి చూసుకుంది, అప్పటిదాకా గుర్తులేనట్టు.

"ఉలి ఎంత కాలిందో ఏమో. ముందర సూసుకోకుండా బిడ్డకెట్ల పెడ్తానప్పా?"

ఆ గదిలో ఆమె మీద నేను అరిచిన అరుపు నాకే వినపడింది. అప్పుడు కూడా ఆ రెండూ కొంగు కింద మండుతూనే ఉండి ఉంటాయి. లారీ దిగి ఆమె కాళ్ళకు మొక్కాలనిపించింది. డ్రైవరు గేరు వేశాడు. కాళమ్మ ఆ చెయ్యే పైకెత్తి, మేం మలుపు తిరిగేదాకా ఊపుతూ నిలబడింది.